పదిహేడో గొట్టంలో నెత్తురు

పోయిన వారం కథ ఎక్కడ ఆగిందంటే, ఆసుపత్రి రెండో అంతస్తులో, కణాలు లెక్కపెట్టే యంత్రం ముందు ఆగింది. లెక్కలక్క రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, వాటికేసి చూస్తూ కూర్చుంది. చదివేవాళ్ళకి వారం గడిచిపోయింది గానీ ఆవిడకి ఇంకా పది నిమిషాలే అయింది.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుందాం. నెత్తుట్లో ఏ కణాలు ఎన్నున్నాయో లెక్కకట్టడం ఇరవయ్యేళ్ళుగా ఆవిడ ఉద్యోగం. అందుకే ఆసుపత్రిలో చిన్నాపెద్దా అందరికీ లెక్కలక్కే. ఆవిడకి ఒక్కడే తమ్ముడు. చిన్నపిల్లల బళ్ళో పాటలు నేర్పే మాస్టారు. మూడేళ్ళ కిందట అతని ఎముకల్లో మజ్జ ఎండిపోయి నెత్తురు పుట్టడం మానేసింది. అక్క మజ్జ తీసి తమ్ముడికి ఎక్కించారు. గట్టివాడు, బతికాడు.

బతకడం వేరు, జబ్బుల్ని తట్టుకోవడం వేరు. మజ్జ కణాల్ని పుట్టిస్తుందే గానీ వాటికి పని నేర్పదు. రొమ్ము ఎముక వెనక థైమస్ అని ఒక చిన్న గ్రంథి ఉంటుంది. రోగాల్ని పట్టుకునే కణాలకి అదే బడి. చిన్నతనంలో నిండుగా ఉండి, వయసొచ్చేకొద్దీ కొవ్వు పట్టి మూతపడిపోతుంది. పిల్లల్ని ఎత్తు పెంచే హార్మోను ఉంది చూశారూ, దాన్ని పెద్దవాళ్ళకి ఇస్తే మూసేసిన ఆ బడి మళ్ళీ తెరుచుకుంటుందేమో చూద్దామని పెద్ద డాక్టరమ్మ ఒక పరీక్ష మొదలుపెట్టింది. మజ్జ మార్పించుకున్నవాళ్ళు నలభై మంది. నలభై వారాలు. సగం మందికి హార్మోను, సగం మందికి ఉప్పునీళ్ళు. నాలుగు వారాలకి సరిపడా సూదులుండే డబ్బాలన్నీ ఒక్కలాగే ఉంటాయి, పైన నంబరు తప్ప మరో ముక్క ఉండదు. ఎవరికి ఏది పడుతోందో ఇంట్లో రోజూ సూది పొడుచుకునేవాళ్ళకి తెలియదు, ఇచ్చే నర్సుకి తెలియదు, డాక్టరమ్మకీ తెలియదు. తెలిపే జాబితా సీలు వేసిన కవర్లో, వేరే ఆఫీసు బీరువాలో ఉంది.

తమ్ముడు ఆ నలభై మందిలో ఒకడు. థైమస్ బళ్ళో పని నేర్చుకున్న వాటిలో సహాయక కణాలనేవి రెండు వందలు దాటితే తప్ప ముక్కులు చీదే పిల్లల మధ్య అడుగు పెట్టడానికి వీల్లేదని డాక్టరమ్మ ఖరాఖండిగా చెప్పేసింది. బడివాళ్ళు మంచివాళ్ళు కాబట్టి వచ్చే టర్ము దాకా అతని కుర్చీ ఖాళీగా ఉంచుతామన్నారు. మంచితనానికి కూడా ఒక గడువుంటుంది కదా. ఆ తర్వాత ఇంకో మాస్టారు వస్తాడు.

తన తమ్ముడు ఇందులో ఉన్నాడని లెక్కలక్క మొదటే చెప్పింది. నీకు నంబర్లే గానీ మనుషులు కనపడరు కాబట్టి ఫరవాలేదంది డాక్టరమ్మ. కానీ ఒక సంగతి డాక్టరమ్మకి తెలియదు. యంత్రంలోకి పంపేముందు కణాలకి రంగులు పట్టిస్తారు. అందులో ఒక రంగు దాదాపు లోకంలో అందరి కణాలకీ అంటుకుంటుంది, లెక్కలక్క కణాలకి మాత్రం అంటదు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు. పుట్టుకతో వచ్చిన తేడా, దానివల్ల ఒంటికి నష్టమేమీ లేదు, లెక్కకి వేరే రంగు వాడతారు. పరీక్ష మొదలైన రోజున పదిహేడో నంబరు గొట్టానికి కూడా ఆ రంగు అంటలేదు. అది తన మజ్జలోంచి పుట్టిన నెత్తురు. పదిహేడు అంటే తమ్ముడు. ఆ మాట అప్పుడే చెప్పి ఉంటే ఆవిడని ఆ పని నుంచి తప్పించేవాళ్ళు. తమ్ముడి లెక్క పరాయి చేతికివ్వడానికి మనసొప్పక, నోరు మూసుకుంది.

ఇక ఆ రెండు కాగితాలు. ఒకటి పదిహేడో నంబరు సహాయక కణాల లెక్క. నాలుగు వారాలకోసారి నెత్తురు తీస్తారు. నూట పద్దెనిమిదితో మొదలై నూట ఇరవై నాలుగు, నూట ముప్పై ఏడు, నూట యాభై ఒకటి, పదహారో వారానికి నూట అరవై ఎనిమిది. మెట్లెక్కినట్టు ఎక్కింది. ఆ తర్వాత నూట అరవై రెండు. నూట యాభై. ఈ పొద్దున తీసింది నూట ముప్పై తొమ్మిది.

రెండోది ఇరవై రెండుది. అది ఎవరో ఆవిడకి తెలియదు. పదహారు వారాలపాటు తొంభై నాలుగుకీ తొంభై తొమ్మిదికీ మధ్య గానుగెద్దులా తిరిగింది. అక్కణ్ణుంచి నూట ఆరు. నూట ఇరవై ఒకటి. ఈ పొద్దున నూట నలభై మూడు. ఒకటి ఏ వారం దిగడం మొదలుపెట్టిందో రెండోది సరిగ్గా అదే వారం ఎక్కడం మొదలుపెట్టింది.

లెక్కలక్కకి ముందు తన మీదే అనుమానమొచ్చింది. గొట్టాలు తారుమారయ్యాయేమోనని రెండింటికీ ఆ రంగు పట్టించి చూసింది. పదిహేడుకి అంటలేదు. ఇరవై రెండుకి శుభ్రంగా అంటింది. అంటే ఎవరి నెత్తురు వాళ్ళ గొట్టంలోనే ఉంది. మారింది నెత్తురు కాదు, నెత్తుట్లోకి వెళ్తున్నది.

"ఓరి నీ దుంప తెగ!" అంది లెక్కలక్క, ఖాళీ గదిలో.

గడియారం పన్నెండూ నలభై చూపిస్తోంది. మూడింటికి డాక్టరమ్మ ముందు ఈ కాగితాలు పెట్టాలి. మందుకీ నీళ్ళకీ తేడా వెంట్రుకవాసిగా ఉందని జాబితా ఉన్న ఆఫీసువాళ్ళు చెప్పారని, ఈసారి కూడా తేలకపోతే పరీక్ష మూసేయాల్సి వస్తుందని పోయిన వారమే డాక్టరమ్మ తల పట్టుకుంది. లెక్కలక్క కోటు విప్పి కుర్చీకి తగిలించింది. కాగితాలు నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. ఆ గదిలోంచి కాగితం బయటికి తీసుకెళ్ళడం ఇరవయ్యేళ్ళలో అదే మొదటిసారి.

తమ్ముడి గది ఆసుపత్రికి పదిహేను నిమిషాల దూరం. జిరాక్సు షాపు పక్క సందులోంచి వెళ్ళి, మూడు అంతస్తులు ఎక్కాలి. లిఫ్టు ఉంది గానీ నలుగురు దగ్గే డబ్బా అది అని అతను ఎక్కడు. అక్కకీ అదే అలవాటైంది. ఆ గది అతను కావాలని వెతికి పట్టుకున్నాడు. కిటికీలోంచి చూస్తే బడి ఆటస్థలం కనపడుతుంది, గంట వినపడుతుంది. మనిషి లేకపోయినా చెవి బళ్ళోనే ఉందన్నమాట.

తలుపు తీసే ఉంది. లోపలికి రాగానే ఎడమ పక్క సింకు, దాని మీద తమ్ముడి చేతిరాతతో చిన్న అట్ట: "మోచేతుల దాకా. మొహమాటం వద్దు." లెక్కలక్క మోచేతుల దాకా కడుక్కుంది. తమ్ముడు కీబోర్డు ముందు కూర్చుని, ఎడమ చేత్తో తాళం వేస్తూ, కుడి చేత్తో ఏదో వరస కడుతున్నాడు.

"ఏంటక్కా, ఈ వేళప్పుడు? యంత్రం అలిగిందా?"

"ఇరవై రెండు ఎవర్రా?"

అతని కుడి చెయ్యి మీటల మీద ఆగిపోయింది. ఆ స్వరం కాసేపు మోగి ఆరిపోయింది. చిన్నప్పటి నుంచీ ఇంతే. నోటితో అబద్ధం ఆడగలడు గానీ చెవులు ఎర్రబడతాయి. ఇప్పుడూ ఎర్రబడ్డాయి.

"ఏ ఇరవై రెండు?"

"నాతో నాటకాలాడకు. మూడు డబ్బాలు మార్చుకున్నారు మీరు. పదహారో వారం ఒకటి, ఇరవయ్యో వారం ఒకటి, ఇరవై నాలుగో వారం ఒకటి. నువ్వు ఎవరి డబ్బా పొడుచుకున్నావు?"

"నా నంబరు నీకెలా తెలుసు?"

"అది తర్వాత చెబుతా. ముందు నువ్వు చెప్పు."

తమ్ముడు కీబోర్డు మీద గుడ్డ కప్పాడు. నీట్‌గా, మూలలు సరిచేస్తూ కప్పాడు. చెప్పక తప్పదని తెలిసినప్పుడు మనుషులకి ఎక్కడలేని శుభ్రత పుట్టుకొస్తుంది.

"టైలరమ్మ" అన్నాడు. "ఆసుపత్రి కింద హాల్లో నా పక్కన కూర్చుంటుంది చూడు, అరవై దాటినావిడ. నాకంటే ఏడాది ముందు మజ్జ మార్చారు. రెడీమేడ్ షాపులకి కాజాలు కుట్టి పెడుతుంది. మంచి మనిషక్కా. నేను పిన్నీ అంటాను."

"పిన్నివరసలు తర్వాత. డబ్బాల సంగతి చెప్పు."

"మొదటి రోజు నర్సు ఏం చెప్పింది? మందు పడితే వేళ్ళు ఉబ్బొచ్చు, ఉంగరాలు బిగుసుకోవచ్చు, మోకాళ్ళు లాగొచ్చు, భయపడకండి అని చెప్పిందా లేదా? ఇంక హాల్లో ఉన్నవాళ్ళకి వేరే పనేముంది? వచ్చిన ప్రతివాడూ వేళ్ళు చూసుకోవడమే. పిన్నికి ఇత్తడి టోపీ ఉంది, సూది దిగకుండా వేలికి పెట్టుకునేది. నాలుగో నెల వచ్చేసరికి అది ఎక్కడం మానేసింది. సబ్బు రాస్తే గానీ ఎక్కలేదు. నా సంగతి చూడు." ఎడమ చెయ్యి చాచి వేళ్ళు విదిలించాడు. ఉంగరం వేలి కణుపు దాకా జారి ఆగింది. "సింకులో పడిపోతుందని తీసి జేబులో పెట్టుకుంటున్నాను. ఇంకా ఏం కావాలి? ఆవిడది మందు, నాది నీళ్ళు. ఆ టోపీ పట్టుకొచ్చి నా ముందు పెట్టి, నాయనా, నాకు అరవై రెండు, నేను పాత బట్ట, నువ్వు పిల్లల మధ్యకి పోవాల్సినవాడివి, నా డబ్బా నువ్వు తీసుకో అంది. వద్దన్నాను. మూడుసార్లు వద్దన్నాను."

"నాలుగోసారి తీసుకున్నావు."

"తీసుకున్నాను" అన్నాడు. చెవులు ఈసారి ఎర్రబడలేదు. "ఖాళీ సూదులు నర్సుకి అప్పగించేముందు మళ్ళీ ఎవరి డబ్బాలో వాళ్ళకి పెట్టేసేవాళ్ళం. ఎవరికీ అనుమానం రాలేదు."

లెక్కలక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. కోపం వచ్చింది, దాన్ని ఎవరి మీద చూపించాలో తేలలేదు. వేలికి తొడుక్కునే ఇత్తడి ముక్క చూసి, కోట్లు పోసి కట్టిన పరీక్షని ఇద్దరు మనుషులు తేల్చేశారు.

"ఆ టోపీ ఎప్పుడు కొన్నదటరా ఆవిడ?"

"పాతది ఆసుపత్రిలో పోతే, ఇంటికొచ్చాక కొత్తది కొనుక్కుంది."

"ఇంటికొచ్చాక. అంటే ఎముకలు తప్ప ఏమీ మిగలనప్పుడు. తర్వాత నాలుగు మెతుకులు ఒంటబట్టాయి, వేలు లావెక్కింది. నీకు బెంగతో తిండి సయించక ఉంగరం జారింది. మందు పడిన పది మందిలో ఆరుగురికి వేళ్ళు అసలు ఉబ్బవు. అడిగితే చెప్పేదాన్ని కదరా!"

"అడిగితే చెప్పేదానివా?" అన్నాడు తమ్ముడు.

అదేమీ గట్టిగా అనలేదు. వెక్కిరింతగానూ అనలేదు. అయినా లెక్కలక్క తల పక్కకి తిప్పుకుంది.

"ఆదివారం ఆదివారం వచ్చేదానివి. నేను ఎలా ఉన్నానక్కా అంటే, బాగానే ఉన్నావు అనేదానివి. నేను అడగలేదా? లెక్కలు ఎలా ఉన్నాయో ఒక్క ముక్క చెప్పవా అని అడగలేదా? నంబర్లు నాకు తెలియవు పో అన్నావు. సరేనని నీ మొహం చూసేవాణ్ణి. నా జబ్బు సంగతి డాక్టర్ల కంటే ముందు నీ మొహమే చెప్పింది నాకు, మూడేళ్ళ కిందట. ఆ అలవాటు ఎక్కడికి పోతుంది? పదహారో వారం నెత్తురు తీశాక, ఆ ఆదివారం వచ్చావు గుర్తుందా? షట్టరు దించేసిన కొట్టులా ఉంది మొహం. టీ ఇస్తే పట్టుకుని తాగలేదు. కిటికీ దగ్గర నిలబడి ఆ బడికేసి చూసి, ఇటు తిరిగి, వెళ్ళొస్తాను అన్నావు. అంతే కదా. ఇంక నాది నీళ్ళేనని అర్థమైపోయింది. మర్నాడే పిన్నికి సరే అన్నాను."

కింద సందులో ఎవరో స్కూటరు స్టార్టు చేస్తూ నాలుగైదుసార్లు తన్నారు. అది రాలేదు.

లెక్కలక్కకి ఆ ఆదివారం బాగా గుర్తుంది. నూట అరవై ఎనిమిది చూసిన ఆదివారం అది. దారంతా నవ్వుకుంటూ వచ్చింది, మెట్లు రెండేసి ఎక్కింది. తలుపు ముందు ఆగి, నవ్వు కనపడితే చెప్పేసినట్టేనని, చెప్పేస్తే పరీక్ష చెడిపోతుందని, బుగ్గలు బిగబట్టి, పళ్ళు కరుచుకుని లోపలికి వెళ్ళింది. కిటికీ దగ్గర నిలబడి బడికేసి చూసింది ఎందుకంటే, ఇంకో ఆరు నెలల్లో వీడు అక్కడుంటాడనే ఆనందంలో కళ్ళు తడిసిపోయాయి. అది కనపడకూడదని వెంటనే వెళ్ళిపోయింది. నియమం తప్పలేదు. తప్పకుండా ఉండటానికి అంత కష్టపడింది కూడాను.

మంచి పని కూడా మనిషిని ఇలా దెబ్బకొడుతుందని ఆవిడకి అంతవరకూ తెలియదు. ఇరవయ్యేళ్ళ ఉద్యోగంలో ఒక్క లెక్కా తప్పనిది, తన మొహం లెక్క తప్పింది.

సంచిలోంచి కాగితాలు తీసి మడతలు విప్పి, కప్పిన గుడ్డ మీద పెట్టింది.

"మందు నీదేరా" అంది. "మొదటి నుంచీ నీదే."

తమ్ముడు కాగితాల మీదికి వంగాడు. అతనికి నంబర్లు చదవడం రాక కాదు గానీ, వేలు పెట్టి ఒక్కొక్కటే చదివాడు, పిల్లలకి స్వరాలు చూపించినట్టు. నూట పద్దెనిమిది దగ్గర మొదలైన వేలు నూట అరవై ఎనిమిది దాకా ఎక్కి, అక్కడ ఆగింది. చాలాసేపు ఆగింది. తర్వాత మెల్లగా దిగింది.

"అప్పటికి ఇంకో ముప్పై రెండే, రెండు వందలకి" అన్నాడు.

"అవును."

"ఈపాటికి దాటేసేవాణ్ణి."

"దాటేసేవాడివే అనుకుంటా." అబద్ధం చెప్పి ఓదార్చవచ్చు. ఆవిడకి అది చేతకాదు.

ఒక్కసారి నవ్వాడు. నవ్వు అనాలో, ఊపిరి అనాలో. "నీళ్ళ కోసం మందిచ్చేశానన్నమాట. అదీ కడుపులో రోజూ పొడుచుకుని మరీ. చెడ్డ తెలివైనవాణ్ణి." తర్వాత రెండో కాగితం దగ్గరికి లాక్కున్నాడు. "ఇది పిన్నిదా?"

"ఇరవై రెండుది. ఎవరిదో నువ్వే చెప్పావు."

"తొంభై ఏడు... నూట నలభై మూడు." ఈసారి అతని మొహంలోకి వచ్చినదాన్ని లెక్కలక్క ఎదురుచూడలేదు. అది కోపం కాదు. "నీకు తెలుసా అక్కా, వాళ్ళ అమ్మాయికి పాప పుట్టి ఐదు నెలలైంది. ఇంతవరకూ ఎత్తుకోలేదు. అమ్మాయి వీధిలో నిలబడి పాపని ఎత్తి చూపిస్తుంది, ఈవిడ కిటికీ అద్దానికి ఇవతల నిలబడి చూస్తుంది. అద్దం మీద వేలితో తడుతుంది. తనకి కావాల్సింది అంత ఉండి కూడా డబ్బా నాకిచ్చింది. మందనుకునే ఇచ్చింది కదా."

"ఇచ్చింది నీళ్ళు."

"ఆవిడ ఇచ్చింది మందేనక్కా. అందులో నీళ్ళుంటే ఆవిడ తప్పా?"

లెక్కలక్క లేచి వెళ్ళి ఫ్రిజ్జు తెరిచింది. పై అరలో తెల్ల డబ్బా, దాని మీద పదిహేడు. పొద్దున నెత్తురిచ్చినప్పుడు తెచ్చుకున్న కొత్త డబ్బా. ఇంకా మార్చుకోలేదు. చల్లగాలి మొహానికి కొడుతుంటే అలాగే నిలబడి చూసింది.

ఇక్కడే ఆవిడకి ఆ ఆలోచన వచ్చింది. మూడు నెలలు మిగిలుంది. మూడు డబ్బాలు. ఇవాళ్టి నుంచి వీడిది వీడు పొడుచుకుంటే చాలు, ఎక్కిన మెట్లే మళ్ళీ ఎక్కుతాడు. నలభయ్యో వారానికి రెండు వందలు దాటినా దాటొచ్చు. టర్ము మొదలయ్యేది కూడా అప్పుడే. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. పదిహేడుని గుర్తుపట్టిన సంగతి ఇప్పటిదాకా దాచింది, ఇంకో మూడు నెలలు దాచలేదా? కాకపోతే టైలరమ్మ నూట నలభై మూడు దగ్గర ఆగి, మళ్ళీ గానుగ చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది. నలభై మంది లెక్కలో ఇద్దరివి తలకిందులుగా ఉండిపోతాయి. పనిచేసే మందుని పనిచెయ్యదని రాసి బీరువాలో పెట్టేస్తారు. ఆ తర్వాత ఈ జబ్బుతో వచ్చేవాళ్ళకి ఎవరూ దాన్ని ఇవ్వరు.

ఫ్రిజ్జు తలుపు మూసింది.

"మూడింటికి డాక్టరమ్మకి చెప్పాలి" అంది, తలుపుతో చెబుతున్నట్టు.

"చెబితే?"

"నియమం తప్పినవాళ్ళని తీసేస్తారు. డబ్బాలు వెనక్కి తీసుకుంటారు. నీదీ, ఆవిడదీ. నన్ను కూడా ఆ గదిలో ఉండనివ్వరు, అది వేరే సంగతి."

"చెప్పకపోతే?"

బడిలో గంట కొట్టారు. మధ్యాహ్నం విరామం కాబోలు, ఆటస్థలంలోకి పిల్లలు ఒక్కసారిగా వచ్చిపడ్డారు. అరుపులు మూడో అంతస్తు దాకా వచ్చాయి. తమ్ముడు కిటికీ వైపు వెళ్ళలేదు. కుర్చీలోనే కూర్చుని, అరుపుల్లోంచి ఎవరి గొంతు ఎవరిదో పోల్చుకుంటున్నవాడిలా తల వాల్చి విన్నాడు.

"ఆ సన్న గొంతు వినపడిందా, అందరికంటే పైన? ఒకటో క్లాసు. ముందు పళ్ళు రెండూ లేవు, 'స' పలకదు, పాట మాత్రం ఎక్కడా తప్పదు" అన్నాడు. "నాకు తిరిగి వెళ్ళాలనుందక్కా. ఎంతుందో చెప్పలేను. చెప్తే ఏడుస్తాను, నువ్వు కూడా ఏడుస్తావు."

"ఏడవను."

"సరే, నేనొక్కణ్ణే ఏడుస్తాను. అందుకే చెప్పను."

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. నింపాదిగా, ప్రతి మలుపు దగ్గరా ఆగి ఊపిరి తీసుకుంటూ ఎక్కుతున్న అడుగులు. తమ్ముడు ఒక్క ఉదుటున లేచి, కాగితాలు మడిచి అక్క చేతిలో కుక్కాడు.

"డబ్బాలు తెచ్చుకున్న రోజు ఈ టైముకే వస్తుంది. ఆవిడకి చెప్పకు. నా ఒట్టు, చెప్పకు. నా మందు తను పొడుచుకుందని తెలిస్తే ఆ మనిషి తట్టుకోలేదు."

తలుపులో టైలరమ్మ కనపడింది. పొట్టి మనిషి. మెడలో కొలత టేపు వేసుకునే వచ్చేసింది, తీయడం మరిచిపోయినట్టుంది. ఒక చేతిలో గుడ్డ సంచి. లోపలికి రాగానే సంచి కింద పెట్టి, చేతులు మోచేతుల దాకా కడుక్కుంటూ, నీళ్ళ చప్పుడు మీదుగా మాట్లాడటం మొదలుపెట్టింది.

"ఏం మెట్లు నాయనా! నీ ఇల్లు ఆకాశంలో కట్టారు. ఎవరూ, అక్కయ్యా? పోలికలు చెబుతూనే ఉన్నాయిలే. కూర్చోమ్మా, లేస్తావెందుకు?"

చేతులు తుడుచుకుని, సంచిలోంచి ముందు ఒక చొక్కా తీసింది. లేత నీలం రంగు. తమ్ముడి భుజాలకి ఆనించి, తల పక్కకి వంచి చూసి, తనే తృప్తిపడింది.

"బడికి వెళ్ళే మొదటి రోజుకి. జేబు పెద్దది పెట్టాను, పిల్లలు ఏవేవో తెచ్చిస్తుంటారన్నావుగా. కాజాలు మాత్రం నాలుగు రోజులు పట్టాయి. ఈ వేళ్ళున్నాయే, చెప్పకు! నీళ్ళు పొడుచుకుంటున్నా తగ్గట్లేదు చూడు." కుడిచేతి నడిమి వేలు చూపించింది. బొండుగా, నిగనిగలాడుతూ ఉంది. "టోపీ అసలెక్కడం లేదు. పక్కింటాయన చేత కత్తిరితో చీల్పించి, తీగ చుట్టి పెట్టుకుంటున్నా. పొద్దున్నే పిడికిలి పట్టదు. పాత మందు ఇంకా ఒంట్లో ఉండిపోయిందంటావా?"

"ఉండొచ్చు పిన్నీ" అన్నాడు తమ్ముడు. అతని చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి. ఆ సంగతి టైలరమ్మకి తెలియదు, అక్కకి తెలుసు.

"ఉండనీ. పాపిష్టిది నాకెందుకు, నీకు పనికొస్తే చాలు." సంచి అడుగునుంచి తెల్ల డబ్బా తీసింది. దాని మీద ఇరవై రెండు. "ఇదిగో నాయనా, నీ మందు. నా నీళ్ళు ఇటివ్వు, వెళ్ళి ఫ్రిజ్జులో పెట్టుకోవాలి."

లెక్కలక్క సంచి పిడిని రెండు చేతులతో పట్టుకుంది. ఇప్పుడు వీడు ఏదో ఒకటి అంటాడనుకుంది. ఈసారికి మార్చుకోవద్దు పిన్నీ అంటాడు. నర్సుకి అనుమానం వచ్చింది అంటాడు. ఆ మాట అంటే చాలు, వీడి డబ్బా వీడి దగ్గరే ఉంటుంది. అనాలని తను లోపల కోరుకుంటోందని కూడా ఆవిడకి స్పష్టంగా తెలిసింది.

తమ్ముడు ఫ్రిజ్జు తెరిచాడు. పదిహేడో నంబరు డబ్బా తీశాడు. అక్క వైపు ఒక్కసారి చూశాడు. తర్వాత దాన్ని రెండు చేతులతో టైలరమ్మకి అందించాడు. ఇరవై రెండు తీసుకుని, దాని చోటులో పెట్టి, తలుపు మూశాడు.

"రోజూ మానకుండా పొడుచుకోండి పిన్నీ" అన్నాడు. "నీళ్ళే కదా అని బద్ధకించకండి."

"అయ్యో, నీకు మాటొస్తుందని ఒక్క రోజు మానలేదు నాయనా." డబ్బా సంచిలో పెట్టి, పైన గుడ్డ కప్పింది. వెళ్ళబోతూ ఆగి లెక్కలక్క వైపు తిరిగింది. చేతిలో నలిగిన కాగితాల మూల చూసింది. గొంతు తగ్గించింది.

"నువ్వు ఆసుపత్రిలో లెక్కలు చూస్తావటగా అమ్మాయ్. చెప్పకూడదని నాకు తెలుసు. నీ ఉద్యోగానికి ఎసరు పెట్టను. నోటితో ఏమీ చెప్పొద్దు. మూడు డబ్బాల మందు పొడుచుకున్నాడు మా వాడు. పెరిగిందో లేదో అదొక్కటే చూసుకుని పోతాను. నీ మొహం ఒకసారి ఇలా తిప్పు."

కింద ఆటస్థలంలో గంట మళ్ళీ కొట్టారు. పిల్లలు లోపలికి వెళ్ళిపోతున్నారు, అరుపులు ఒకటొకటిగా ఆగిపోతున్నాయి. తమ్ముడు చొక్కా చేత్తో పట్టుకుని, అక్క వెనక, కదలకుండా నిలబడ్డాడు.

టైలరమ్మ రెండడుగులు దగ్గరికి వచ్చి, ఉబ్బిన వేళ్ళతో లెక్కలక్క గడ్డం పట్టుకుని, వెలుతురులోకి తిప్పింది.